లైట్‌రూమ్ నుంచి డిజికామ్‌కి: ఫొటోలతో పాటు వాటి వివరాలనూ తరలించిన నా అనుభవం

నెలనెలా చందా కట్టే ఫొటో సాఫ్ట్‌వేర్ మానేద్దామని చాలాకాలంగా అనుకుంటూ వచ్చాను. నేను వాడుతూ వచ్చిన అడోబీ లైట్‌రూమ్ క్లాసిక్ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఏళ్ల తరబడి వాడాను, అడిగిన పనల్లా చేసింది. కాకపోతే నా ఫొటోగ్రఫీ ఏడాది పొడుగునా ఒకేలా సాగదు. కొన్ని నెలలు కెమెరా చేతిలోంచి దిగదు, కొన్ని నెలలు బ్యాగులోంచి బయటికే రాదు. చందాకి ఈ తేడా పట్టదు. దానికి తోడు ఇంట్లో ఆ సాఫ్ట్‌వేర్ తెరిచేది నేనొక్కణ్ణే. నేను కట్టడం ఆపేస్తే, ఇన్నేళ్ల ఫొటోల్లోంచి కావలసినది వెతుక్కునే దారి ఇంట్లోవాళ్లకి ఉండాలి. నన్ను ఎక్కువగా కదిలించింది ఈ రెండో సంగతే.

ఇలాంటి మార్పు గురించి ఎవరితో మాట్లాడినా ముందు అడిగేది "దేనికి మారావు?" అనే. నా దృష్టిలో అది తర్వాత తేల్చుకోవలసిన విషయం. అంతకంటే ముందు, ఇన్నాళ్ల నా శ్రమ ఎక్కడ దాచి ఉందో తెలియాలి. ఫొటోలు నా డిస్క్‌లో, నా ఫోల్డర్లలోనే ఉన్నాయి. వాటికొచ్చిన ఇబ్బందేమీ లేదు. కానీ ఏ ఫొటోలో ఎవరున్నారు, ఏది బాగా వచ్చింది, ఏవేవి కలిపి ఒక ఆల్బమ్ అనుకున్నాను, దేనికి ఎంత వెలుగు పెంచాను అన్న సమాచారమంతా కేటలాగ్ అనే ఒక్క ఫైల్లో ఉంది. లోపల అది మామూలు ఎస్‌క్యూలైట్ డేటాబేస్, అంటే సమాచారాన్ని పట్టికలుగా ఒకే ఫైల్లో దాచే పద్ధతి. కొత్త సాఫ్ట్‌వేర్‌కి ఫొటోల ఫోల్డర్ చూపించడం నిమిషం పని. ఈ డేటాబేస్‌లో ఉన్నది బయటికి లాగడమే అసలు పని.

చందా ఆపేసిన మర్నాడు ఏమవుతుందో ముందే కనుక్కున్నాను. దాంతో సగం టెన్షన్ పోయింది. లైట్‌రూమ్ క్లాసిక్ పూర్తిగా మూసుకుపోదు. తెరుచుకుంటుంది, లైబ్రరీ కనిపిస్తుంది, వెతుక్కోవచ్చు, ఫొటోలు ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఎడిట్ చేసే డెవలప్, ఫొటోలని మ్యాప్ మీద చూపే మ్యాప్ అనే రెండు మాడ్యూల్స్ (విభాగాలు) మాత్రం పనిచేయవు. అంటే ఎడిట్లు కనిపిస్తూనే ఉంటాయి, మార్చలేం. ఒరిజినల్స్‌ని క్లౌడ్‌లో పెట్టుకునే ఇంకో లైట్‌రూమ్ వాడేవాళ్ల లెక్క వేరు. 2017 అక్టోబర్‌లో పేర్లు మార్చినప్పటి నుంచి ఈ రెండింటి మధ్య తికమక ఉంది. క్లౌడ్‌లో పెట్టినవాళ్లు ముందు ఒరిజినల్స్ అన్నీ డిస్క్‌లోకి దించుకుని ఆ తర్వాతే మిగతా సంగతి చూడాలి.

ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునే లైట్‌రూమ్ కూడా ఉండేది. 2015లో వచ్చిన ఆరో వెర్షన్ ఆ వరసలో చివరిది. కొనుక్కున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండొచ్చా అంటే అదీ లేదు. యాపిల్ వాళ్ల ఫొటో సాఫ్ట్‌వేర్ అపెర్చర్‌ని జనం కొనే వాడారు. 2014లో దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించారు, 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ కాటలీనాలో అది తెరుచుకోనేలేదు. గూగుల్ వాళ్ల ఫొటో సాఫ్ట్‌వేర్ పికాసా ఉచితం, ఎంతోమందికి ఇష్టం, 2016లో దానికీ మంగళం పాడేశారు. అందుకని "చందా లేనిది" అన్న ఒక్క షరతు చాలదనిపించింది. సాఫ్ట్‌వేర్ ఏదైనా, నేను రాసుకున్న వివరాలు ఫొటో లోపలో ఫొటో పక్కనో ఉండాలి, ఎవరి డేటాబేస్‌లోనో మాత్రమే ఉండకూడదు. ఈ షరతు పెట్టుకున్నాక ఎంపిక చాలా తేలికైంది.

వివరాలు ఫొటో పక్కన ఉండటమంటే ఎక్స్‌ఎంపీ. అడోబీ 2001లో తెచ్చిన పద్ధతి ఇది, 2012లో ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణంగా కూడా మారింది. జేపెగ్, టిఫ్, డీఎన్‌జీ ఫైళ్లయితే వివరాలు వాటి లోపలే రాసుకుంటుంది. కెమెరా సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే, కెమెరా కంపెనీల సొంత రా ఫైళ్ల జోలికి పోకుండా, పక్కన అదే పేరుతో ఒక చిన్న ఫైల్ పెడుతుంది. దాన్నే సైడ్‌కార్ అంటారు. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఇది దానంతటదే జరగాలంటే కేటలాగ్ సెట్టింగ్స్‌లో ఒక టిక్ పెట్టాలి. లేకపోతే ఫొటోలు సెలెక్ట్ చేసి కంట్రోల్-ఎస్ నొక్కాలి.

మొత్తం లైబ్రరీ మీద చేసేముందు ఒక కొంగ ఫొటో మీద చేసి చూశాను. పక్కన ఎక్స్‌ఎంపీ ఫైల్ పుట్టింది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంతా మామూలు టెక్స్టే. రేటింగ్ అన్న చోట 4 అని ఉంది. సబ్జెక్ట్ అన్న చోట కొంగ, చెరువు, ఉదయం అని ఒక్కో కీవర్డ్ ఒక్కో లైన్లో, శుభ్రంగా తెలుగు అక్షరాల్లో. ఇంకాస్త కింద హైరార్కికల్ సబ్జెక్ట్ అని మరో చోట "పక్షులు", "నీటి పక్షులు", "కొంగ" ఈ మూడూ నిలువు గీతలతో విడదీసి ఒకే వరసలో ఉన్నాయి. నేను పేర్చుకున్న కీవర్డ్ల చెట్టు అలాగే వచ్చేసిందన్నమాట. ఇంకా కిందికి వెళ్తే ఎడిట్లు: ఎక్స్‌పోజర్2012 అంటే +0.45, షాడోస్2012 అంటే +30, ఇలా పెద్ద జాబితా. పేరు వెనకున్న ఆ 2012, లైట్‌రూమ్ నాలుగో వెర్షన్‌తో ఆ సంవత్సరం వచ్చిన ప్రాసెసింగ్ పద్ధతిది.

ఆ ఒక్క ఫైల్ చూశాక, ఏవి నాతో వస్తాయో ఏవి రావో స్పష్టమైంది. కీవర్డ్, స్టార్, క్యాప్షన్ ఎవరు చదివినా అర్థం ఒకటే. షాడోస్ +30 అలా కాదు. ఉప్పు ఒక చెంచా అని రాసిపెట్టుకున్నా, ఆ చెంచా ఎంతదో ఆ వంటింటికే తెలుసు. వేరే సాఫ్ట్‌వేర్‌లో నీడల్ని లేపే లెక్కే వేరు, రంగుల లెక్క వేరు. ఎడిట్లని యథాతథంగా తెస్తామని ఎవరైనా చెప్తే, క్రాప్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాంటి నాలుగు మోటు విషయాలు దగ్గరదగ్గరగా తెస్తామని అర్థం చేసుకోవాలి.

ఎక్స్‌ఎంపీలోకి అసలే ఎక్కనివి కూడా ఉన్నాయి. నా సమయంలో ఎక్కువ భాగం వీటికే పోయింది. ఆల్బమ్‌ల్లాంటి కలెక్షన్లు ఎక్కవు. ఒకేలాంటి ఫొటోలని గుంపుగా పేర్చిన స్టాకులు ఎక్కవు. ఒకే ఫొటోని రెండు రకాలుగా ఎడిట్ చేసి పెట్టుకునే వర్చువల్ కాపీలు ఎక్కవు. నేను వాడిన వెర్షన్లో ఫొటో ఉంచాలనో వద్దనో గుర్తుపెట్టే పిక్, రిజెక్ట్ జెండాలు కూడా కేటలాగ్‌లోనే ఉండిపోయేవి. పెళ్లి ఫొటోలు తీసే మిత్రుడు ఒకడు నాకంటే ముందే ఈ దారిలో వెళ్లాడు. "అన్నా, సేవ్ కొట్టేముందు జెండాలన్నీ వేరే రూపంలోకి మార్చుకో. లేకపోతే ఏరిన పనంతా మళ్లీ ఏరాలి" అని చెప్పాడు. మంచి సలహా. పిక్ జెండా ఉన్నవన్నీ ఫిల్టర్ చేసి "ఏరినవి" అనే కీవర్డ్ తగిలించాను. రిజెక్ట్ అయినవాటిని ఈ సందర్భంగానైనా డిలీట్ చేసి వదిలించుకున్నాను.

కలెక్షన్లకీ ఇదే మందు. "సేకరణ" అనే ఒక తల్లి కీవర్డ్ పెట్టి, దాని కింద ఒక్కో కలెక్షన్ పేరుతో ఒక్కో పిల్ల కీవర్డ్ చేసి, ఆ కలెక్షన్లో ఉన్న ఫొటోలన్నిటికీ తగిలించుకుంటూ పోయాను. చెయ్యి నొప్పెట్టే పని. కానీ మొదలుపెట్టాక తెలిసింది, సగం కలెక్షన్లు ఎప్పుడో ఒక ప్రింట్ కోసమో ఎవరికో పంపడం కోసమో చేసి వదిలేసినవే. వాటిని తరలించనవసరమే లేదు. వాటంతటవే నిండే స్మార్ట్ కలెక్షన్ల నియమాలని ఒక కాగితం మీద రాసుకున్నాను. వాటిని కొత్తచోట మళ్లీ కట్టుకోవడమే సులువు. ఆల్బమ్‌లో ఫొటోలు నేను చేత్తో పేర్చిన వరస మాత్రం కీవర్డ్‌లో ఇమడదు. ఆ వరస ముఖ్యమైన కొన్ని ఆల్బమ్‌లని 001, 002 అని నంబర్లు వేసి జేపెగ్‌లుగా ఒక ఫోల్డర్లోకి ఎక్స్‌పోర్ట్ చేశాను.

రంగు లేబుళ్లలో ఒక మెలిక ఉంది. ఎక్స్‌ఎంపీలో రంగు రంగుగా ఉండదు, పేరుగా ఉంటుంది. ఎరుపు అంటే అక్కడ "రెడ్" అన్న మాట ఉంటుంది. మీరు లేబుల్ పేరుని "ప్రింట్‌కి" అని మార్చుకుని ఉంటే ఆ మాటే వెళ్తుంది. దాన్ని చదివే అవతలి సాఫ్ట్‌వేర్‌కి అది ఏ రంగో తెలియదు. నేను లేబుళ్ల పేర్లని తిరిగి మొదటున్న ఇంగ్లిష్ పేర్లకి మార్చి, ఆ ఫొటోలకి లేబుల్ మళ్లీ వేశాకే సేవ్ చేశాను.

తెలుగులో కీవర్డ్లు రాసేవాళ్లకి ఇంకో విషయం. ఎక్స్‌ఎంపీకి ముందు నుంచీ ఐపీటీసీ అనే పాత పద్ధతి ఒకటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు జేపెగ్‌లో రెండు చోట్లా రాస్తాయి. ఆ పాత పద్ధతిలో ఒక కీవర్డ్‌కి 64 బైట్లే చోటు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు. కంప్యూటర్లో అక్షరాలని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు పడతాయి, గుణింతం గుర్తుకి మళ్లీ మూడు, ఒత్తుకి ముందొచ్చే పొల్లుకి ఇంకో మూడు. "కొండప్రాంతపు సూర్యాస్తమయం" అన్న కీవర్డ్ లెక్క వేసి చూడండి, 73 బైట్లు తేలుతుంది, అంటే చోటు దాటిపోయినట్టే. ఎక్స్‌ఎంపీలో ఈ హద్దు లేదు కాబట్టి భయపడాల్సిందేమీ లేదు, అయినా రెండింటినీ చదివే సాఫ్ట్‌వేర్‌కి ఒక చోట తెగిన మాట, ఇంకో చోట పూర్తి మాట కనిపించే అవకాశం ఎందుకివ్వాలి? పొడుగు కీవర్డ్లని రెండుగా విడగొట్టాను. "కొండలు" ఒకటి, "సూర్యాస్తమయం" ఒకటి. వెతకడానికి కూడా అదే మేలని తర్వాత తెలిసింది.

ఇవన్నీ అయ్యాక మొత్తం లైబ్రరీని ఎంచుకుని కంట్రోల్-ఎస్ నొక్కాను. అంతకుముందే అన్ని ఫోల్డర్లూ, కేటలాగ్ ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి ఆ డిస్క్‌ని తీసి పక్కన పెట్టాను. సేవ్‌కి చాలా గంటలు పట్టింది. ఇక్కడ ఎవరూ చెప్పని పక్క ప్రభావం ఒకటుంది. జేపెగ్‌ల లోపలే రాస్తుంది కాబట్టి ప్రతి జేపెగ్ మారిన ఫైల్ కిందే లెక్క. నా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ కొత్తవనుకుని మళ్లీ మొదట్నుంచీ కాపీ చేయడం మొదలెట్టింది. ఇంటర్నెట్‌లోకి బ్యాకప్ పెట్టుకునేవాళ్లు దీనికి సిద్ధపడి ఉండాలి.

ఇక ఎడిట్ల సంగతి. అన్నిటినీ కాపాడుకోవాలని పట్టుబడితే పనవదు. ఐదు స్టార్లు ఉన్నవాటిని 16 బిట్ టిఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేశాను. 24 మెగాపిక్సెల్ ఫొటో ఇలా కుదించకుండా తీస్తే ఒక్కోటి 144 ఎంబీ ఉంటుంది, కాబట్టి ఈ గౌరవం అందరికీ దక్కదు. మూడు, నాలుగు స్టార్లవాటిని పూర్తి సైజులో మంచి నాణ్యత జేపెగ్‌గా తీశాను. వర్చువల్ కాపీల్లో నిజంగా తేడాగా ఉన్నవాటినీ అలాగే. మిగతావి రా ఫైళ్లుగానే ఉండిపోయాయి. ఎప్పుడైనా కావలిస్తే మళ్లీ ఎడిట్ చేసుకోవచ్చు. నిజం చెప్పాలంటే పాత ఎడిట్లు కొన్ని చూస్తుంటే, ఆకాశాన్ని అంత నీలంగా ఎందుకు చేశానా అనిపించింది. అవి రాకపోతేనే నయం.

ప్రత్యామ్నాయాల్లో డబ్బు పెట్టి కొనేవి కొన్ని చూశాను. క్యాప్చర్ వన్ లైట్‌రూమ్ కేటలాగ్‌ని నేరుగా చదువుతుంది, కలెక్షన్లని కూడా తెస్తుంది. రంగుల మీద పట్టు చాలా బాగుంది. ఒకేసారి కొనే లైసెన్సూ ఉంది. స్టూడియోలో కెమెరాని కంప్యూటర్‌కి తగిలించి పనిచేసేవాళ్లకి అదే సరైనది, నా అవసరానికి మరీ పెద్దది. డీఎక్స్ఓ ఫొటోల్యాబ్ నాయిస్ (ఫొటోలో గింజల్లా కనిపించే మచ్చలు) తీయడంలో దిట్ట. కానీ అది ప్రధానంగా ఫోల్డర్లు చూసుకుంటూ ఎడిట్ చేసే సాధనం, నాకు కావలసింది లైబ్రరీ.

ఇలా చూస్తుంటేనే నా అవసరం రెండు ముక్కలని అర్థమైంది. లైట్‌రూమ్ రెండు పనులు చేస్తుంది: ఫొటోలని సర్దిపెట్టడం ఒకటి, రా ఫైళ్లని ఎడిట్ చేయడం ఒకటి. రెండూ ఒకేదాంట్లో ఉండాలన్న పట్టు వదిలేస్తే దారులు పెరుగుతాయి. సర్దడానికి డిజికామ్, ఎడిటింగ్‌కి డార్క్‌టేబుల్ ఎంచుకున్నాను. రెండూ ఉచితం, రెండిటి సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. డిజికామ్ 2001 నుంచి ఉంది, ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేసే కేడీఈ బృందం గూటిది. డార్క్‌టేబుల్ 2009లో మొదలైంది. రెండూ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తాయి.

డిజికామ్ ఇన్‌స్టాల్ చేయగానే ఫోల్డర్ చూపించేసి స్కాన్ మొదలెట్టేయాలనిపిస్తుంది. ఆగండి. ముందు మెటాడేటా సెట్టింగ్స్‌లోకి వెళ్లి, సైడ్‌కార్ ఫైళ్లు చదవమని టిక్ పెట్టాలి. అది లేకపోతే రా ఫొటోలన్నీ కీవర్డ్లూ స్టార్లూ లేకుండా బోసిగా వస్తాయి. దాని పక్కనే ఇంకో ఆప్షన్ ఉంటుంది: సైడ్‌కార్ పేర్లు కమర్షియల్ ప్రోగ్రామ్‌లకి తగ్గట్టు ఉండాలా అని. చూడ్డానికి చిన్న టిక్కే. కథంతా దీనిలోనే ఉంది.

1234 అనే నంబరున్న క్యానన్ రా ఫైల్ ఉందనుకోండి. లైట్‌రూమ్ దాని సైడ్‌కార్‌కి రా ఎక్స్‌టెన్షన్ తీసేసి, దాని బదులు ఎక్స్‌ఎంపీ అని పెడుతుంది. డిజికామ్ మామూలుగా రా ఎక్స్‌టెన్షన్‌ని అలాగే ఉంచి, దాని చివర ఎక్స్‌ఎంపీ తగిలిస్తుంది. డార్క్‌టేబుల్‌ది కూడా డిజికామ్ పద్ధతే. అంటే ఏ మార్పూ చేయకపోతే డిజికామ్, డార్క్‌టేబుల్ రెండూ ఒకే సైడ్‌కార్‌లో రాస్తాయి. ఇద్దరు ఒకే నోట్‌బుక్‌లో రాస్తుంటే నాకు మనసొప్పదు. ఆ టిక్ పెట్టాను. ఇప్పుడు డిజికామ్ లైట్‌రూమ్ మిగిల్చిన ఫైల్లోనే కీవర్డ్లు రాస్తుంది, డార్క్‌టేబుల్ తన ఎడిట్లని వేరే ఫైల్లో పెట్టుకుంటుంది. డార్క్‌టేబుల్‌లో సైడ్‌కార్ ఎప్పుడు పుట్టాలో చెప్పే సెట్టింగ్‌ని "ఎడిట్ చేశాక" అని పెట్టాను. లేకపోతే ఊరికే తెరిచి చూసిన ప్రతి ఫొటో పక్కనా ఒక ఫైల్ పేరుకుపోతుంది. నియమం ఒకటే: కీవర్డ్లు, స్టార్లు డిజికామ్‌లో మాత్రమే, ఎడిట్లు డార్క్‌టేబుల్‌లో మాత్రమే.

డిజికామ్ డేటాబేస్‌ని కంప్యూటర్ లోపలి ఎస్‌ఎస్‌డీలో పెట్టాను, ఫొటోలు బయటి డిస్క్‌లోనే ఉన్నాయి. బయటి డిస్క్‌ని చేర్చేటప్పుడు దాన్ని "రిమూవబుల్ మీడియా" కింద చేర్చాలి. డిస్క్ పీకేసినా అప్పుడు దాని ఫొటోలని మరిచిపోదు. మొదటి స్కాన్‌ని రాత్రి మొదలుపెట్టి వదిలేశాను.

పొద్దున్నే చేసిన పని, లెక్కలు సరిచూడటం. లైట్‌రూమ్‌లో ప్రతి కీవర్డ్ పక్కనా ఎన్ని ఫొటోలున్నాయో కనిపిస్తుంది, డిజికామ్‌లోనూ చూపించమని చెప్పొచ్చు. పెద్ద కీవర్డ్లు పది పదిహేను తీసుకుని రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చాను. అవి సరిపోయాయి. మొత్తం ఫొటోల సంఖ్య మాత్రం డిజికామ్‌లో బాగా ఎక్కువ. కారణం వెతికితే, రా ప్లస్ జేపెగ్ తీసిన ఫొటోలు. లైట్‌రూమ్ మామూలుగా ఆ జంటని ఒకే ఫొటోగా చూపిస్తుంది, జేపెగ్ ఉందనే మరిచిపోతాం. డిజికామ్‌కి రెండూ వేర్వేరు. పేరుని బట్టి జంటలని గుంపుగా కట్టే సదుపాయం ఉంది, అది వాడితే ఒకటే కనిపిస్తుంది. ఇలాంటి తనిఖీకి ఎగ్జిఫ్‌టూల్ కూడా ఉంది. ఫిల్ హార్వే 2003 నుంచి నడుపుతున్న చిన్న ప్రోగ్రామ్ అది. కమాండ్ లైన్ అంటే భయం లేనివాళ్లకి ఫోల్డర్ మొత్తంలో కీవర్డ్ లేని ఫైళ్లేవో క్షణాల్లో చెప్పేస్తుంది.

నేను ఆశ పెట్టుకోనిది ఒకటి చక్కగా వచ్చింది: మనుషుల పేర్లు. లైట్‌రూమ్‌లో ముఖాలకి పేర్లు పెట్టి ఉంటే, ముఖం ఫొటోలో ఎక్కడుందో ఆ చతురస్రంతో సహా ఎక్స్‌ఎంపీలోకి రాస్తుంది. డిజికామ్ దాన్ని చదువుతుంది. స్కాన్ అయ్యాక పీపుల్ ట్యాబ్ తెరిస్తే మా బంధువర్గమంతా పేర్లతో కూర్చుని ఉన్నారు. మిగిలిన ముఖాలని డిజికామ్ తనే గుర్తుపట్టి పేరు సూచిస్తుంది, మనం అవుననో కాదనో చెప్పాలి. పసితనంలోని ఫొటోల్లో అన్నదమ్ములిద్దర్నీ ఒకరనుకుంటుంది. ఆ మాటకొస్తే మేమూ అనుకుంటాం.

డార్క్‌టేబుల్ గురించి నిజాయితీగా చెప్పాలి. మొదట్లో విసుగు తెప్పిస్తుంది. రా ఫైల్ తెరవగానే లైట్‌రూమ్‌లో కనిపించే నిండు రంగులు ఉండవు, చప్పగా ఉంటుంది. పదుల కొద్దీ మాడ్యూళ్లు, వాటిలో ఒకే పనిని నాలుగు రకాలుగా చేసేవి. లైట్‌రూమ్ స్లైడర్లకి సరిజోడీలు ఇక్కడ వెతకడం మానేశాకే నాకు దారి దొరికింది. ముందు ఎక్స్‌పోజర్‌తో ఫొటోలో ముఖ్యమైన చోటు ఎంత వెలుగులో ఉండాలో పెట్టడం, మరీ వెలిగిపోయిన, మరీ నల్లగా మిగిలిన చోట్లని సిగ్మాయిడ్ అనే మాడ్యూల్‌కి వదిలేయడం, తర్వాత కలర్ బ్యాలెన్స్ ఆర్‌జీబీలో రంగులకి కాస్త బలమివ్వడం. లెన్స్ కరెక్షన్, కెమెరాని బట్టి నాయిస్ తీసే ప్రొఫైల్డ్ డీనాయిస్, ఈ రెండూ కలిపి మొత్తం ఐదు మాడ్యూళ్లు. వీటిని క్విక్ యాక్సెస్ ప్యానెల్లో పెట్టుకున్నాను, నా ఫొటోల్లో ఎక్కువ భాగానికి ఇవే సరిపోతాయి. మిగతా మాడ్యూళ్లు ఉన్నాయనే మరిచిపోయాను. గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే, దానిచేత లెక్కలు చేయించే ఓపెన్‌సీఎల్ ఆన్ అయిందో లేదో చూసుకోండి, వేగంలో చాలా తేడా ఉంటుంది.

లైట్‌రూమ్ సైడ్‌కార్ ఉన్న రా ఫైల్‌ని డార్క్‌టేబుల్‌లోకి తెస్తే స్టార్లు, కీవర్డ్లతో పాటు క్రాప్, ఎక్స్‌పోజర్ వంటి కొన్ని ఎడిట్లని కూడా తెచ్చే ప్రయత్నం చేస్తుంది. క్రాప్ బాగా ఉపయోగపడింది. మిగతావాటిని తుడిచేసి మళ్లీ మొదలుపెట్టడమే నాకు నచ్చింది.

లోటు ఏమీ లేదంటే అబద్ధం. ఆకాశాన్నో మనిషినో ఒక్క క్లిక్‌తో వేరుచేసి ఇచ్చే ఏఐ మాస్కులకి నేను బాగా అలవాటుపడ్డాను. డార్క్‌టేబుల్‌లో గీసే మాస్కులు, రంగుని బట్టో వెలుగుని బట్టో ఎంచే మాస్కులు ఉన్నాయి, వాటిని కలిపి వాడితే ఫలితం వస్తుంది, టైమ్ మాత్రం పడుతుంది. డిజికామ్ రూపం కూడా అంత సొగసుగా ఉండదు. మెనూల్లో మెనూలు, సెట్టింగ్స్‌లో ట్యాబ్‌లు. వందల ఫొటోలు గబగబా తిప్పుతూ ఏరేటప్పుడు లైట్‌రూమ్‌లో ముందే ప్రివ్యూలు కట్టి ఉంచితే వచ్చే సుఖం ఇక్కడ అంతగా లేదు. అలాగని వెనక్కి పోవాలనిపించలేదు.

ఫోన్ ఫొటోలకి, ఇంట్లోవాళ్లు చూసుకోవడానికి వేరే ఏర్పాటు చేశాను. ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక పాత కంప్యూటర్‌లో ఇమ్మిచ్ పెట్టాను, అది మన సొంత కంప్యూటర్‌లోనే నడిపే ఫొటో గ్యాలరీ. ఫోన్లలోని ఫొటోలు దానంతటదే లాక్కుంటుంది. పెద్ద లైబ్రరీ ఫోల్డర్‌ని ఎక్స్‌టర్నల్ లైబ్రరీగా, చదవడానికి మాత్రమే అనుమతిచ్చి తగిలించాను. దాంతో ఇంట్లో ఎవరు ఏం నొక్కినా ఒరిజినల్స్‌కి ఏమీ కాదు. ఇది చాలాకాలం పాటు ఇంకా తయారవుతున్న దశలోనే ఉండి, 2025 అక్టోబర్‌లో 2.0తో స్థిరమైన వెర్షన్‌గా వచ్చింది. అయినా నేను దాన్ని చూసుకునే కిటికీగానే వాడుతున్నాను, అసలు నిల్వ ఫోల్డర్లదే. దీన్ని నడపడానికి వాడే డాకర్ అన్న సాధనం మాట వింటే చిరాకుపడేవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు. డిజికామ్ ఒక్కటి చాలు.

చందా రద్దు చేయడానికి తొందరపడలేదు. ఏడాది ప్లాన్‌ని నెలవారీగా కట్టే పద్ధతిలో గడువు మధ్యలో ఆపితే కొంత రుసుము పడే నిబంధన ఉంటుంది. అకౌంట్ పేజీలో రెన్యూవల్ తేదీ చూసి క్యాలెండర్‌లో పెట్టుకున్నాను. ఆలోపు కొత్త ఫొటోలన్నీ కొత్త పద్ధతిలోనే చేస్తూ, ఏదైనా మిగిలిపోయిందేమో వెతకడానికి మాత్రమే లైట్‌రూమ్ తెరిచాను. కేటలాగ్ ఆఖరి కాపీని రెండు డిస్కుల్లో ఉంచాను. ఎస్‌క్యూలైట్ కాబట్టి, లైట్‌రూమ్ లేకపోయినా ఏ డేటాబేస్ బ్రౌజర్‌తోనైనా తెరిచి, ఫలానా కలెక్షన్లో ఏమేం ఉండేవో చూసుకోవచ్చు.

ఇప్పటికీ పూర్తికానిది వీడియోల పని. లైట్‌రూమ్‌లో వీడియోలకి పెట్టిన కీవర్డ్లు ఫైళ్లలోకి రావు, సైడ్‌కార్ కూడా పుట్టదు, కేటలాగ్‌లోనే ఉండిపోతాయి. ఒక్కో కీవర్డ్‌ని ఫిల్టర్ చేసి, దాని కింద ఉన్న వీడియోల పేర్లు రాసుకుని, డిజికామ్‌లో అదే కీవర్డ్ మళ్లీ వేస్తున్నాను. మనుషులున్న వీడియోలు అయిపోయాయి. పక్షులవి సగంలో ఉన్నాయి.